కుక్కపిల్లలు, చిన్నపిల్లలు: ఆదివారం పార్కు దగ్గర కలుద్దాం

అందరికీ నమస్కారం 🙏

మన బ్లాకుల్లో కుక్కపిల్లలు ఎక్కువయ్యాయి, వాటితో ఆడే పిల్లలూ ఎక్కువే. అవి ఆటలో కొరకకుండా ఎలా నేర్పాలో మాట్లాడుకోవడానికి ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు పార్కు దగ్గర అరగంట కలుద్దాం. కుక్కపిల్లను బెల్టు వేసి తీసుకురండి. టీకా కార్డు ఫోటో శనివారంలోపు నాకు పంపండి.

ఈలోగా కొరకకుండా నేర్పడం ఇంట్లో మొదలుపెట్టండి. 4 నుంచి 6 నెలల వయసులో కుక్కపిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్ల సలుపుకి ఏది దొరికితే అది కొరుకుతాయి. అది కోపం కాదు. పన్ను తగలగానే ఆట ఆపేసి, లేచి అటు తిరగండి. అర నిమిషం ఆగి, కొరుక్కునే బొమ్మ ఇవ్వండి. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి, లేకపోతే దానికి అర్థం కాదు. దయచేసి కొట్టొద్దు, మూతి నొక్కిపట్టొద్దు. భయపడితే ఇంకా గట్టిగా కరుస్తుంది.

పిల్లలు అరుస్తూ పరుగెడితే ఆట అనుకుని వెంటపడుతుంది. చేతులు కట్టుకుని చెట్టులా నిలబడమని చెప్పండి. అది తింటున్నా, నిద్రపోతున్నా ముట్టుకోవద్దు. చిన్నపిల్లలను దాని దగ్గర ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

⚠️ పన్ను గానీ గోరు గానీ తగిలి చిన్న గీత పడినా సబ్బుతో, కుళాయి నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి. ఇంటి కుక్కే కదా అని ఆగొద్దు. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం.

వచ్చేవాళ్లు ఫ్లాట్ నంబరు ఇక్కడ పెట్టండి. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. వాన పడితే సెల్లార్‌లో కలుద్దాం.