బుజ్జిగాడికి ఓసారి చోడి అంబలి పెట్టమ్మా

అమ్మలూ,

మొన్న బుజ్జిగాడి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ అని ఫోన్ చేసి మా నాన్నమ్మ పేరు, తాత పేరు అడిగావు కదా. చెప్పాను, రాసుకున్నావు, రెండు నిమిషాల్లో అయిపోయింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. ఆ చార్టులో మా నాన్నమ్మ ఒక గడిలో పేరుగా ఉంటుంది, అంతే, ఆవిడ ఎలాంటి మనిషో వాడికి ఎలా తెలుస్తుంది అని ఒకటే ఆలోచన. ఫోన్లో ఇవన్నీ చెప్పడం నాకు రాదు, అందుకే టైప్ చేస్తున్నాను, తీరిగ్గా చదువు.

నాన్నమ్మ అనగానే నాకు ముందు అంబలి కుండ గుర్తొస్తుంది, ఆ తర్వాతే మొహం. పాలకొండ దగ్గర మనూళ్ళో రాత్రి చోడిపిండి, అదే రాగిపిండి, నీళ్ళలో కలిపి మూత పెట్టేది, తెల్లారేసరికి పులిసి పైన బుడగలొచ్చేవి, కట్టెల పొయ్యి మీద నూకలు ఉడుకుతుంటే అందులో ఆ పిండి పోసి తెడ్డుతో తిప్పుతూనే ఉండేది, చెయ్యి ఆపితే ఉండ కట్టేస్తుంది మరి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ, ఉన్న రోజున కాల్చిన ఎండుచేప. పొలానికి ఆనపకాయ బుర్రలో పోసుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. వరన్నం మాకు పండక్కీ, చుట్టాలొస్తేనూ. గ్లాసుల్లో పోసి "తాగండ్రా గుంటల్లారా, మీ ముత్తాత ఇదే తాగి ఆ చెరువు గట్టు పోశాడు" అనేది, ఏ గట్టు అంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మరీ చూపించింది ఒకసారి. మా ముత్తాతకి ఫోటో లేదు, నాకు ఆయన తెలిసింది అలాగే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్తాను. నువ్వు చిన్నపిల్లవి, గాజువాకలో అద్దెకి ఉండేవాళ్ళం, మా అమ్మ ఊరి నుంచి వస్తూ కుండ కూడా తెచ్చుకుంది, వంటింటి మూల రోజూ అంబలి. ఒకరోజు ఆఫీసు వాళ్ళు భోజనానికి వస్తున్నారని "అమ్మా, ఆ కుండ లోపలెక్కడైనా పెట్టెయ్యి, పులుపు వాసనొస్తోంది" అన్నాను. అమ్మ ఒక్క మాటా అనలేదు, తీసేసింది. మళ్ళీ బయటికి తియ్యలేదు, నేనూ అడగలేదు. చోళ్ళు తినేవాళ్ళంటే లేనివాళ్ళు అనుకుంటారని నా సిగ్గు. నీకు అంబలి రుచి తెలియకపోవడానికి కారణం నేనే, ఇంకెవరూ కాదు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, ఇప్పుడు బీచ్ రోడ్డులో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఆగి మరీ రాగి జావ కొనుక్కుని తాగుతున్నారు, అది చూసినప్పుడల్లా అమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది.

అందుకని ఒక ఆదివారం పొద్దున్న ఇంట్లో అంబలి కాయి. మీ పూణేలో చోళ్ళని నాచణీ అంటారట, కొట్లో ఆ పేరుతో అడుగు, దొరుకుతుంది. చలిరోజుల్లో ఒక్క రాత్రికి పులవదు, ఇంకో పూట ఉంచు. శనివారం రాత్రి పిండి బుజ్జిగాడి చేతే కలిపించు, ఒలికినా ఏం పర్లేదు, తెల్లారి మూత కూడా వాడే తియ్యాలి, ఆ బుడగలు చూస్తే వాడికి వంద డౌట్లు వస్తాయి చూడు. కాల్షియం అనీ హెల్తీ అనీ మాత్రం వాడితో అనకు అమ్మా, మందులా ఇస్తే వాడికి మందులాగే ఉంటుంది. నువ్వూ అల్లుడుగారూ కూడా వాడితో పాటు కింద కూర్చుని తాగండి, ఫోన్లు పక్క గదిలో పెట్టండి, అప్పుడు ఆ చెరువు గట్టు కథ చెప్పు. వాడికి నచ్చక ఉమ్మేసినా తిట్టొద్దు, ఇంకో నెల ఆగి మళ్ళీ కాయి. అల్లుడుగారి వాళ్ళ వైపు వంటలు కూడా అత్తయ్యగారిని అడిగి రాసుకో, వాడికి ఆ తాతముత్తాతలూ కావాలి కదా.

సంక్రాంతికి మాత్రం ఎలాగైనా రండి, టికెట్లు ముందే చేయించు. పెద్దపండగ నాడు కొత్త బట్టలు, గారెలు, అరిసెలు, గుమ్మడికాయ కూర పెద్దల ముందు పెట్టి పేరుపేరునా తలుచుకుంటాం కదా, పోయినేడు ఆ టైములో వాడు పక్క గదిలో ట్యాబ్ చూస్తున్నాడు, అల్లరి లేకుండా ఉన్నాడులే అని మనమే వదిలేశాం. ఈసారి ఆకు వాడి చేత వేయిద్దాం, పేర్లు నేను చెప్తాను, వాడు నా వెనకే పలుకుతాడు. గారెల పక్కన రెండు గ్లాసులు అంబలి కూడా పెడదాం, ఒకటి నాన్నమ్మకి, ఒకటి అమ్మకి.

అంబలిలో నంజుకోడానికి మీ అమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు మూడు కవర్లు చుట్టి ప్యాక్ చేసింది, రేపు పార్సిల్ వేస్తాను. ఆ కుండ ఇంకా అటక మీదే ఉందిరా, నిన్న దించి నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి చూశాను, ఎక్కడా కారలేదు.

నాన్న