చిన్న సినిమాకు సాయంత్రం ఆట ఇవ్వండి

సంపాదకుడు గారికి,

విశాఖను సినిమా కేంద్రంగా మారుస్తామన్న నాయకుల మాటలు పోయిన వారం మీ పత్రికలో చదివాను. స్టూడియోల సంగతి సరే, వచ్చిన సినిమాను ఈ ఊళ్ళో ఉద్యోగం చేసుకునేవాళ్ళు ఏ వేళ చూడాలో ఒక్కరూ మాట్లాడరేం?

నేను ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' సినిమా 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమతి గెలిచింది. ముంబయి ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ నర్సుల కథ. పెళ్ళయిన కొత్తలోనే జర్మనీ వెళ్ళి, ఇప్పుడు ఫోనైనా చేయని భర్త దగ్గర్నుంచే వచ్చిందనుకునే రైస్ కుక్కర్‌ను నర్సు ప్రభ రాత్రిపూట నేలమీద కూర్చుని వాటేసుకుంటుంది. ఒక్క మాట ఉండదు. వంటమనిషి పార్వతికి భర్త పోయాక, కాగితాలు లేవని ఉన్న ఇల్లూ పోతుంది. వార్డులో నవ్వుతూ తిరిగి, డ్యూటీ దిగాక హాస్టల్ గది తలుపేసుకునే అమ్మాయిలను ఏళ్ళ తరబడి చూసినదాన్ని, నాకు కన్నీళ్ళు ఆగలేదు. హాల్లో పదిమందితో కలిసి చూడాల్సిన ఆ సినిమాను హాట్‌స్టార్‌లో, ఫోన్‌లో చూశాను.

మన ఊళ్ళో ఇలాంటివాటికి దక్కితే ఉదయం ఆట దక్కుతుంది. ఆ టైముకు మార్నింగ్ డ్యూటీ నర్సు వార్డులో ఉంటుంది, నైట్ డ్యూటీ చేసినామె నిద్రపోతుంది. ఆ మధ్య ఒక చిన్న తెలుగు సినిమాకు టికెట్ తీసుకుని ఎన్ఏడీ జంక్షన్ నుంచి బస్సెక్కి వెళ్తే, "జనం లేరమ్మా, షో క్యాన్సిల్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. టికెట్ డబ్బులు వచ్చాయి, బుకింగ్ చార్జీ రాలేదు. పెద్ద హీరో సినిమాకైతే రేట్లు పెంచడానికి, అదనపు ఆటలకు ఆగమేఘాల మీద జీవోలొస్తాయి.

2022 మార్చి జీవోలో ఐదో ఆటకు అనుమతిస్తూ, ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక ఆట చిన్న బడ్జెట్ సినిమాకు ఇవ్వాలని రాశారు. దాన్ని ఎవరు చూస్తున్నారు? ఏ ఫైలైనా అంతే, సంతకం అయ్యేదాకా హడావుడి, ఆ తర్వాత అడిగే నాథుడుండడు.

విశాఖ వాళ్ళు చూడరనే మాట నేను ఒప్పుకోను. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో నటించినవాళ్ళలో ఎక్కువమంది మన ఊరి కంచరపాలెం పేటవాళ్ళే. నెత్తిన పెట్టుకున్నాం కదా!

థియేటర్ల లైసెన్సులు చూసే జాయింట్ కలెక్టర్ గారు, ఏ హాలు ఏ చిన్న సినిమాకు ఏ వేళ ఆట ఇచ్చిందో నెలనెలా ప్రకటించాలి. ప్రజల డబ్బుతో కట్టిన గురజాడ కళాక్షేత్రంలో నెలకో ఆదివారం ఇలాంటి సినిమా తక్కువ టికెట్‌కు వేయాలి. సాయంత్రం ఆరు గంటలకు పెడితే మార్నింగ్ షిఫ్ట్ దిగిన స్టీల్ ప్లాంటు కార్మికులు, నర్సులు కూడా రాగలరు.

— ఒక విశ్రాంత హెడ్ నర్సు, మర్రిపాలెం, విశాఖపట్నం