తొమ్మిది మంది పిల్లలు, ఒక ఆపిల్ పండు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి 6వ తరగతి పిల్లలకు లైబ్రరీ పీరియడ్‌లో ఆంగ్ల రచయిత్రి సారా ఫీల్డింగ్ రాసిన ‘ది గవర్నెస్’ కథను తెలుగులో చెబుతున్నాం. 1749లో వెలువడిన ఈ పుస్తకానికి, ఇంగ్లీషులో పిల్లల కోసం రాసిన తొలి నవలగా పేరుంది.

సారా 1710లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్ ప్రాంతంలో పుట్టారు. ఏడేళ్లకే తల్లిని పోగొట్టుకున్నారు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాక, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్న విషయమై ఆయనకూ అమ్మమ్మకూ మధ్య వ్యాజ్యం నడిచింది. పెద్దల తగవులో పిల్లలు నలిగిపోవడం ఆమె స్వయంగా అనుభవించిన సంగతి. నవలాకారుడైన అన్న హెన్రీ ఫీల్డింగ్ పేరు లోకానికంతా తెలుసు. ఆమె మాత్రం 1744లో తన మొదటి నవలను పేరు వేసుకోకుండానే ప్రచురించి, ఆర్థిక ఇబ్బంది వల్లే కలం పట్టానని ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

‘ది గవర్నెస్’లో టీచమ్ గారి బడిలో తొమ్మిది మంది ఆడపిల్లలుంటారు. ఒకనాడు ఆవిడ ఆపిల్ పండ్ల బుట్టను అందరిలోకీ పెద్దదైన జెన్నీకిచ్చి, సమానంగా పంచమని చెప్పి వెళతారు. వాటిలో ఒకటి మిగతా వాటికన్నా పెద్దది. అందరూ అదే కావాలని పట్టుబట్టేసరికి జెన్నీ దాన్ని కంచె అవతలికి విసిరేసింది. పండు పోయింది కానీ పోట్లాట పోలేదు. తప్పు నీదంటే నీదని జుట్లు పట్టుకున్నారు, బట్టలు చించుకున్నారు.

టీచమ్ గారు శిక్ష వేశారు, నిజమే. అయితే పిల్లల మనసు మార్చింది శిక్ష కాదు. జెన్నీ తరువాత సూకీ అనే పిల్లను పక్కకు పిలిచి, ఆ పండు వదులుకుని ఉంటే నీకు పోయేదేమిటని నెమ్మదిగా అడుగుతుంది. సూకీ అప్పటికి ఒప్పుకోదు. రాత్రి నిద్ర పట్టక, ఆలోచించి ఆలోచించి, తన తప్పు తానే తెలుసుకుంటుంది. ఆ తరువాత పిల్లలందరూ ఒక్కొక్కరుగా తమ కథనూ తమ లోపాలనూ తామే చెప్పుకుంటారు. మంచితనం పైనుంచి రుద్దితే వచ్చేది కాదనీ, తనను తాను పరిశీలించుకున్నప్పుడే నిలుస్తుందనీ సారా నమ్మారు. స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశమే లేని ఆ రోజుల్లో ఆమె గ్రీకు నేర్చుకుని, ప్రశ్నలు వేస్తూ ఎదుటివారే ఆలోచించేలా చేసిన గ్రీకు తత్వవేత్త సోక్రటీసు గురించి ఆయన శిష్యుడు జెనొఫోన్ రాసిన గ్రంథాన్ని 1762లో అనువదించారు. జెన్నీ అడిగే ప్రశ్నల్లో నాకు ఆ సోక్రటీసే వినిపిస్తాడు.

మీ పిల్లలు ఈ కథ ఇంట్లో చెబితే, తప్పెవరిదని వెంటనే తేల్చకుండా, చివరిదాకా వినవలసిందిగా మనవి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు