ఆస్ట్రేలియా బాండికూట్ మన పందికొక్కు కాదు

ఎడిటర్ గారికి,

ఆస్ట్రేలియా వన్యప్రాణుల వార్తల్లో 'బాండికూట్' కనబడితే చాలు, తెలుగులో 'పందికొక్కు' అని రాసేస్తున్నారు. మాట పుట్టుక వరకు అది సబబే. ఆ ఇంగ్లిష్ మాట అచ్చంగా మనదే. జంతువు మాత్రం వేరు.

ఇంగ్లిష్ వాళ్లు మాట మొదట వచ్చే 'ప'ను ఊపిరి వదులుతూ పలుకుతారు. మన 'ప'లో ఆ ఊపిరి ఉండదు కాబట్టి వాళ్ల చెవికి అది 'బ'లా వినిపిస్తుంది. అలా పంది 'బాండి' అయింది, కొక్కు 'కూట్' అయింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీన్ని తెలుగు మాటగానే నమోదు చేసింది. అంతకుముందే, 1873లో, గ్రే అనే జంతుశాస్త్రజ్ఞుడు ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టాడు. ఒక శాస్త్రనామంలో తెలుగు మాట నిలిచిపోవడం చిన్న సంగతి కాదు.

ఇక ఆస్ట్రేలియా సంగతి. అక్కడికి వలస వెళ్లిన ఇంగ్లిష్ వాళ్లు పొడుగు మూతితో నేల తవ్వే ఒక ప్రాణిని చూసి, ఇండియాలో విన్న పేరే దానికీ తగిలించారు. అది ఎలుక జాతి కాదు, కంగారూలా సంచి జంతువు. కాకపోతే దాని సంచి నోరు వెనక్కి ఉంటుంది. ముందుకు ఉంటే తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడేది. గర్భం సుమారు 12 రోజులే. పళ్లు చూసినా తేడా తెలిసిపోతుంది. పందికొక్కుకు పైదవడలో ఉలుల్లాంటి కొరికే పళ్లు ఒక్క జతే. బాండికూట్‌కు చిన్నవి నాలుగైదు జతలు. పురుగులు, వానపాములు దాని ముఖ్యమైన తిండి. అక్కడి వాడుకలో ఈ మాట క్రియగానూ మారింది: మొక్కను పీకకుండా కింద నుంచి బంగాళాదుంపలు తవ్వుకుపోతే 'బాండికూట్' చేశారంటారు.

2021లో విక్టోరియా రాష్ట్రం ఈస్టర్న్ బార్డ్ బాండికూట్‌ను 'అడవిలో అంతరించినవి' జాబితా నుంచి 'ప్రమాదంలో ఉన్నవి' జాబితాలోకి మార్చింది. ఎన్నో ఏళ్ల శ్రమకు దక్కిన ఫలితం అది. దాన్ని 'పందికొక్కులకు పునర్జన్మ' అని రాస్తే, గట్లకు బొరియలు పెట్టి వరి వెన్నులు దాచుకునే పందికొక్కుతో వేగే రైతు ఏమనుకోవాలి?

దీనికి తిరగబడ్డ తప్పూ ఉంది. మన పొలాల్లో నష్టం గురించి ఇంగ్లిష్‌లో వచ్చిన వార్తను తర్జుమా చేస్తూ 'బాండికూట్ ఎలుకలు' అంటున్నారు. మన మాట మనకే పరాయి వేషంలో తిరిగొస్తోంది. అనువదించే ముందు వార్త ఏ దేశానిదో చూస్తే చాలు. ఆస్ట్రేలియా, న్యూగినీలదైతే మొదటిసారి 'బాండికూట్ అనే సంచి జంతువు' అని, తర్వాత 'బాండికూట్' అని రాయండి. ఇండియాదైతే పందికొక్కు అనే రాయండి.

– ఒక పాఠకుడు, బాపట్ల