కుక్కకు పెరుగన్నం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో మాంసం వండం. అందుకే మా కుక్క రాజుగాడికి రెండేళ్లపాటు పెరుగన్నమే పెట్టాను. బొచ్చు రాలి, పక్కటెముకలు తేలాయి. ప్రోటీన్ చాలడం లేదని పశువుల డాక్టరుగారు చెబితే ఏడుపొచ్చింది. ఇప్పుడు పెరట్లో వేరే పొయ్యి మీద కోడిమాంసం ఉప్పు, మసాలా లేకుండా నేనే ఉడికిస్తున్నాను. రోజూ ఒక ఉడికించిన గుడ్డు కూడా. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. లివర్ కొంచెమే పెట్టాలి, ఎక్కువైతే విటమిన్ ఎ మోతాదు మించిపోతుంది.

మా వీధిలో చాలామంది ప్రేమగానే కుక్కలకు బిర్యానీ బొక్కలు వేస్తున్నారు. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, బిర్యానీలోని ఉల్లిపాయ రక్తకణాలను దెబ్బతీస్తుంది. దయచేసి వేయకండి.

– ఒక గృహిణి, తెనాలి