జెట్టీ కన్నా ముందు లంగరు చోటు

సంపాదకులు గారికి,

మైపాడు, తుమ్మలపెంట, పాకల, కొత్తపట్నం బీచుల అభివృద్ధి గురించి ఎవరు మాట్లాడినా చివరికి జెట్టీ దగ్గర తేలుతున్నారు. జెట్టీ కడితే తెరచాప పడవల్లో సముద్రాలు తిరిగేవాళ్లు వచ్చి ఆగుతారని, ఊళ్లో నాలుగు కొట్లు నడుస్తాయని ఆశ. అలలు నేరుగా వచ్చి కొట్టే చోట కట్టిన జెట్టీకి ఏ విహార పడవా తాడు వేయదు. వేస్తే ఒక్క రాత్రిలో పడవ పక్కంతా నలిగిపోతుంది. ఆ పడవలవాళ్లు వెతికేది లంగరు వేసి నిద్రపోగలిగిన నీళ్లను. అవి ఎలా ఉండాలో తెలిస్తే మన తీరంలో డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

ముందు లోతు. 10–12 మీటర్ల పడవ అడుగు నీళ్లలోకి 2 మీటర్ల దాకా దిగి ఉంటుంది. పాటు వేళ, అంటే సముద్రపు నీరు తీసినప్పుడు కూడా దాని కింద మరో మీటరున్నర, రెండు మీటర్లు మిగలాలి. పాటున 4 మీటర్ల నీళ్లున్న చోటు దొరికిందనుకుందాం. మన వైపు పోటుకూ పాటుకూ తేడా మీటరుకు అటూఇటూ గనక పోటుకు 5 అవుతుంది. పడవ ముక్కు నీటికి మీటరుంబావు ఎత్తున ఉంటుంది, అదీ కలపాలి. కొత్తవాళ్లు లెక్క తప్పేది ఇక్కడే. మొత్తం 6.25 మీటర్లు. దానికి అయిదింతలు, అంటే 31 మీటర్ల గొలుసు వదలాలి. గాలి ముదిరేట్టుంటే ఏడెనిమిదింతలు. గొలుసు కొంచెమే ఉండి మిగతాది నైలాను తాడైతే మంచి వాతావరణంలోనూ ఏడింతలు. లంగరు తన బరువుతో పడవను ఆపదు. అడ్డంగా లాగితే నేలలోకి దిగబడుతుంది, పైకి లాగితే ఊడి వస్తుంది. లాగుడు అడ్డంగా ఉండేట్టు చూడటమే గొలుసు పని. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 2.3 కిలోల దాకా తూగుతుంది కాబట్టి మామూలు గాలికి నేల మీదే పడి ఉంటుంది. పెనుగాలికి అదంతా లేచి బిగుసుకుపోతుంది. అప్పుడు ఆదుకునేది పొడవే.

31 మీటర్ల గొలుసు, 11 మీటర్ల పడవ కలిస్తే 42. గాలి తిరిగినప్పుడల్లా పడవ ఆ కొలతతో చుట్టూ తిరుగుతుంది. అంటే ఒక్క పడవకు 84 మీటర్ల అడ్డకొలతతో ఖాళీ నీళ్లు కావాలి. ఉప్పుటేళ్లలో లోతున్న దారి చాలాచోట్ల అంత వెడల్పు ఉండదు. పైగా అక్కడ ఆరేసి గంటలకు నీటి వాలు తిరగబడుతుంది. అలాంటి చోట ఒక లంగరు ఎగువకు, ఒకటి దిగువకు వేసి రెండింటినీ ముక్కు దగ్గరే కట్టుకోవాలి. పడవ దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. మెలికలు పడ్డాయేమో రోజూ చూసి విప్పుకోవాలి. రెండోదాన్ని వెనక కొసకు కడితే, అడ్డగాలి వచ్చినప్పుడు పడవ గాలికి ముఖం తిప్పలేక లంగర్ల మీద మోయలేనంత లాగుడు పడుతుంది.

తర్వాత అడుగు నేల. ఇసుక కలిసిన బంకమట్టి అన్నిటికన్నా మేలు. సీసపు గుండు అడుగున గుంటలో గ్రీజు నింపి దింపితే నేల మచ్చు అంటుకుని వస్తుంది. గవ్వలు, గట్టి ఇసుక వస్తే లంగరు జారుతుందని అనుమానించాలి. పలచటి బురదైతే పెద్ద రెక్కల లంగరు కావాలి. ఏమీ అంటకుండా గ్రీజు మీద గాటు మాత్రం పడి వస్తే కింద రాయి. ఉప్పుటేళ్లలో వీటన్నిటికన్నా పెద్ద పీడ తెగిపోయిన వలలు. లంగరు వలలో చిక్కితే పట్టినట్టే ఉంటుంది, గాలి పెరిగాక వల మూటతో సహా కదిలిపోతుంది.

లంగరు వేసే తీరూ అంతే ముఖ్యం. ముక్కు గాలికి పెట్టి, పడవ పూర్తిగా ఆగాక దింపి, వెనక్కి జరుగుతూ గొలుసును పరవాలి. కుప్ప పోస్తే లంగరుకే చుట్టుకుంటుంది. అంతా వదిలాక ఇంజనును వెనక్కి వేసి, మెల్లగా పెంచి ఒక నిమిషం ఉంచాలి. ఒడ్డున తాటిచెట్టునూ దాని వెనకాల సెల్ టవరునూ ఒకే గీతలో చూసి గుర్తు పెట్టుకుంటే, ఆ గీత చెదరగానే పడవ జారుతోందని తెలుస్తుంది. పడవ మామూలుగా అటూఇటూ ఊగినా చెదురుతుంది కాబట్టి గొలుసు మీద చేయి కూడా వేసి చూడాలి. గరగరమని వణికితే అనుమానం అక్కర్లేదు. గొలుసు భారాన్ని దాన్ని చుట్టే యంత్రం మీద వదలకుండా ఆరేడు మీటర్ల నైలాను తాడుతో పడవ గుంజకు కట్టాలి. ఆ సాగుడు లేకపోతే అల వచ్చినప్పుడల్లా కుదుపు తగిలి యంత్రమన్నా విరుగుతుంది, లంగరన్నా ఊడుతుంది. గొలుసు లోపలి కొసను షాకిల్‌తో (ఇనుప కొండీతో) పడవకు బిగించేవాళ్లున్నారు. అది తాడుతో ఉండాలి, ఆ తాడు డెక్కు మీదికి అందాలి. అర్ధరాత్రి పారిపోవలసి వస్తే కత్తితో ఒక్క కోతకు తెగాలి. లంగరు మీద ఉన్న పడవ పగలు నల్ల బంతి, రాత్రి అన్ని వైపులకూ కనిపించే తెల్ల దీపం పైకి కట్టడం నిబంధన కూడా, ప్రాణరక్షణ కూడా. చీకటితోనే వేటకు బయల్దేరే ఫైబర్ బోట్ల దారిలో దీపం లేకుండా నిలబడిన పడవది మూర్ఖత్వమే.

ఇవన్నీ మన చేతిలోవి. చేతిలో లేనిది చాటు, అంటే అలలూ గాలీ నేరుగా తగలకుండా ఉండే అడ్డం. చీరాల దిగువ నుంచి పులికాట్ దాకా తీరం గీత గీసినట్టుంటుంది. కొండ కొమ్ము గానీ, చెప్పుకోదగ్గ వంపు గానీ లేదు. ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్నం దగ్గర స్థావరం పెట్టి దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడ సముద్రంలో మునిగిన ఇసుకతిన్నె అలలను కొంత విరుస్తుంది. దాని లోపలి నీళ్లను తర్వాతి కాలంలో పటాల్లో బ్లాక్‌వుడ్స్ హార్బర్ అని రాశారు. 1640 నాటికి వాళ్లు మద్రాసుకు తరలిపోయారు. బట్టల బేరం కోసం పోయారు గానీ చాటు కోసం కాదు, అక్కడ ఆపాటి చాటు కూడా లేదు.

నైరుతి కాలంలో ఉదయం పూట ఒడ్డు నుంచి గాలి వీచి నీళ్లు చదునుగా కనిపిస్తాయి. చూసి మోసపోకూడదు. దక్షిణం నుంచి వచ్చే దూరపు అల పడవను రాత్రంతా పక్కలకు దొర్లిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయటి నీళ్లలో లంగరు మాటే వద్దు. తుపాను కేంద్రం మనకు తూర్పున ఉండి ఉత్తరంగా సాగితే గాలి ఉత్తరం నుంచి పడమరకు తిరుగుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ దారి అలాంటిదే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటినదానిలా మనకు దక్షిణంగా దాటితే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతూ పడవను ఆసాంతం ఒడ్డుకే నెడుతుంది.

ఇక మిగిలినవి మొగలు, అంటే ఏళ్లు సముద్రంలో కలిసే చోట్లు. పెన్న, పాలేరు, ముసి, గుండ్లకమ్మ మొగల్లో ఇసుక కుదురుగా ఉండదు. నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికే ఎక్కువ. నిరుడు దారి ఉన్నచోట ఈ ఏడు మేట ఉంటుంది. మొగ దాటాలంటే పగటిపూట, పోటు చివరి గంటలో దాటాలి. పాటు నీళ్లు బయటికి పరుగెడుతుండగా తూర్పు గాలి ఎదురైతే అలలు నిలువుగా లేచి విరుగుతాయి, రెండు అలల మధ్య పడవ అడుగు ఇసుకకు గుద్దుకుంటుంది. కృష్ణపట్నం లోతైనదే గానీ అది ఓడల దారి, అందులో లంగరు వేయకూడదు. పులికాట్ సగటు లోతు మీటరే. బకింగ్‌హాం కాలువలో లోతు ఉన్నా, 15 మీటర్ల తెరచాప స్తంభంతో వంతెనల కింద దూరలేం.

అందుకని మా సూచన కావలి దగ్గరి జువ్వలదిన్నె చేపల రేవు. అలలకు అడ్డుగోడలు అక్కడ ఉన్నాయి. వేట బోట్లకు అడ్డం రాకుండా ఒక మూల నాలుగైదు బోయలు (అడుగున దిమ్మెకు గొలుసుతో కట్టి, పడవలు కట్టుకోవడానికి నీటి మీద తేల్చే గుండ్లు) వేస్తే చాలు. బోయకు కట్టిన పడవ తిరిగే చుట్టు సగానికి పైగా తగ్గుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మర బోట్లన్నీ రేవులోనే ఉంటాయి కనుక ఆ రెండు నెలలూ బయటివాళ్లకు చోటు లేదని ముందే ప్రకటించాలి. జనవరిలో, ఈశాన్య గాలులు తగ్గగానే, రేవు ముఖద్వారంలో లోతులు కొలిచి రేవులోనూ మెరైన్ పోలీస్ స్టేషన్లోనూ అంటించాలి. శ్రీహరికోట రాకెట్ ప్రయోగాల రోజుల హెచ్చరికలు కూడా అక్కడే ఉంటే మేలు.

బోయ కింద వేసే కాంక్రీటు దిమ్మె విషయంలో ఒక జాగ్రత్త. గట్టున టన్ను తూగే దిమ్మె సముద్రపు నీళ్లలో 570 కిలోలకు మించి తూగదు. గుత్తేదారు గట్టు మీది బరువే చూపిస్తాడు, లెక్క నీళ్లలోని బరువుతో కట్టాలి. గొలుసు నేలను తాకుతూ లేస్తూ ఉండే జానెడు మేరలోనే అరుగుతుంది, పైనుంచి చూస్తే కొత్తగానే ఉంటుంది. ఏటా ఒకసారి మనిషి మునిగి చూసి, కడ్డీ మందం మూడో వంతు తగ్గితే మార్చాలి. ఆ పనికి మనిషినీ డబ్బునీ మొదటే కేటాయించలేకపోతే బోయలు వేయకండి. మా లంగరు మేం వేసుకుంటాం.

ఇట్లు
తెరచాప పడవలు నడిపే కొందరం, కావలి