వాన ముందు ఎరువు చల్లడం ఆపుదాం

సంపాదకుడు గారికి,

చెరువు పచ్చగా మారిందంటే అందరూ మురుగునో, ఫ్యాక్టరీలనో తిడతారు. అవీ కారణాలే, కాదనను. కానీ పొలాల నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు, రైతును తప్పుపట్టినట్టవుతుందని మొహమాటం కాబోలు. నిజానికి ఇందులో ముందు నష్టపోయేది రైతే, డబ్బు పోసి కొన్న యూరియా పైరుకు అందకుండానే కాలువ పాలవుతోంది కదా.

నత్రజని నైట్రేటుగా మారి నీళ్లలో కరిగి కిందికి దిగుతుంది, బావుల్లో చేరుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అది పసిపిల్లలను దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు, ఎక్కువైతే వాళ్ల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. భాస్వరం దారి వేరు. అది మట్టిని అంటిపెట్టుకుని, ఎక్కువగా ఆ మట్టితోపాటే కొట్టుకుపోతుంది. చెరువులో చేరాక నాచు విపరీతంగా పెరుగుతుంది, ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చి తేలతాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో ఈరీ సరస్సు నాచు విషం కుళాయిల్లోకి వచ్చి, దాదాపు 4 లక్షల మందిని ఆ నీళ్లు తాగొద్దనాల్సి వచ్చింది. మరిగించినా పోయే విషం కాదది. సరస్సుకు ఆ వైపు వచ్చే భాస్వరంలో ఎక్కువ భాగం పొలాలదే.

పరిష్కారం అనగానే కాలువ గట్టున గడ్డి పెంచమంటారు. మంచిదే, మట్టిని బాగా ఆపుతుంది, కానీ కరిగి భూమిలోకి దిగిపోయే నైట్రేటును ఆ గడ్డి ఒక్కటే పట్టలేదు. అందుకే అసలు పని ఎరువు వేసే దగ్గరే మొదలవ్వాలి. భూసార పరీక్ష చేయించి, భాస్వరం ఇప్పటికే సరిపడా ఉన్న నేలలో మళ్లీ మళ్లీ వేయడం మానాలి. నత్రజనిని ఒకేసారి గుమ్మరించకుండా పైరుకు కావలసినప్పుడు దఫాలుగా వేయాలి, పైపైన చల్లి వదిలేయకుండా మట్టిలో కలపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పెద్ద వాన పడబోతుంటే ఆ రోజుకి ఎరువు సంచి విప్పకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు, రెండు రోజులు ఆగితే చాలు.

మీ వ్యవసాయ పేజీలో ఎకరాకు ఎన్ని కిలోలు వేయాలో రోజూ రాస్తున్నారు. దాని పక్కనే రాబోయే రెండు రోజుల వాన సూచన, "ఈ రోజు ఎరువు వేయొచ్చా, వద్దా" అన్న ఒక్క మాట కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు